మసకబారే చూపు – మన బాధ్యత

మొదటి ఖుత్బా

తల్లి గర్భం నుండి ఏమీ ఎరుగని స్థితిలో మనలను లోకంలోకి తెచ్చి, వినే చెవులను, చూసే కన్నులను, గ్రహించే హృదయాన్ని ప్రసాదించిన అల్లాహ్‌ను మేము స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. ఆయన అంతిమ సందేశహరుడైన ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పైనా, ఆయన కుటుంబంపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

గౌరవనీయులైన పెద్దలారా! ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు వహించవలసిందిగా ముందు మాకు మేము, ఆ పిదప మీకు హితవు పలుకుతున్నాము.

వినికిడి, చూపు, హృదయం – వీటిలో ప్రతిదానిని గురించీ ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా మనలను హెచ్చరిస్తున్నది. ఈ కళ్ళతో ఏమి చూశామన్నదే ఆ ప్రశ్న అని సాధారణంగా భావిస్తాము. అది నిజమే. అయితే కన్ను మన సొత్తు కాదు, అది అమానతు. అమానతును అప్పగించినవాడు దానిని ఎలా వాడావని అడిగినట్లే, ఎలా కాపాడావని కూడా అడుగుతాడు. నేటి ప్రసంగంలో ఈ రెండవ ప్రశ్నను గురించి, అందులోనూ వయసు మీరినవారి చూపును గురించి మాట్లాడదలచుకున్నాము.

అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని, ఏ మస్జిదులోనైనా ఇషా, ఫజ్ర్ నమాజుల వరుసలను ఒకసారి పరికించండి. జుహర్‌కు, అస్ర్‌కు క్రమం తప్పక వచ్చే పెద్దలు కొందరు చీకటి వేళల నమాజులకు కనిపించరు. అడిగితే మోకాళ్ళ నొప్పి అంటారు, ఆయాసం అంటారు. చూపు ఆనడం లేదని మాత్రం అనరు. కొబ్బరి తోటల నీడలో సాగే మన దారులలో చీకటి తొందరగా దిగుతుంది. ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క బోదె, నడుమ ఇరుకైన గట్టు. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు దీపం కళ్ళలో పడితే యువకుడు రెప్ప వాల్చి తెరిచేలోగా తేరుకుంటాడు. డెబ్బై ఏళ్ళ పెద్దాయనకు కొంతసేపు దారే కనబడదు. ఆ భయాన్ని ఎవరితోనూ చెప్పుకోలేక ఆయన ఇంటనే నమాజు చేసుకుంటారు. కొన్నాళ్ళకు ఖుర్‌ఆన్ పారాయణం కూడా తగ్గుతుంది, అక్షరాలు కలిసిపోతున్నాయి గనుక. ఇంటివారు ఇదంతా చూస్తూ, “వయసు పైబడింది కదా” అని సరిపెట్టుకుంటారు.

సోదరులారా! ఆ మాటనే ఈ రోజు మనం ధర్మపు వెలుగులో పరీక్షించి చూడాలి.

ఎడారి ప్రాంతపు అరబ్బులు కొందరు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తాము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగారు. చేయించుకోమని ఆయన ఆదేశించారు. అల్లాహ్ ఏ వ్యాధిని కల్పించినా దానికి మందును కూడా కల్పించాడని, ఒక్క దానికి మాత్రం మందు లేదని, అది వార్ధక్యమని వివరించారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది.

ఈ ఒక్క హదీసులో రెండు ద్వారాలు ఉన్నాయి. మొదటిది వ్యాధి, దానికి మందు ఉంది, దానిని వెదకడం మన విధి. రెండవది వార్ధక్యం, దానిని ఓర్పుతో అంగీకరించి, దానికి తగినట్లు జీవితాన్ని సర్దుకోవాలి. మన ఇళ్ళలో జరుగుతున్న పొరపాటు ఏమిటంటే, మొదటి ద్వారం నుండి పోవలసినవారిని కూడా రెండవ ద్వారం దగ్గరే కూర్చోబెడుతున్నారు. వ్యాధిని వయసు అని పిలిచి, మందు ఉన్న చోట ఓర్పును బోధిస్తున్నారు. కనుక ఏది వయసు, ఏది వ్యాధి అన్నది తెలుసుకోవడం కేవలం డాక్టర్ల పని అని వదిలివేయరాదు.

ముందుగా వయసు వల్ల అందరికీ వచ్చే మార్పులను చూద్దాము. నలభై దాటిన తరువాత దగ్గరి అక్షరాలు మసకబారతాయి. దినపత్రికను చేయి చాచి దూరంగా పట్టుకొని చదవవలసి వస్తుంది. దర్జీకి సూదిలో దారం ఎక్కించడం, మగ్గం మీద కూర్చున్నవారికి తెగిన పోగు అతకడం కష్టమవుతుంది. మన తెలుగువారు దీనికి చత్వారం అని పేరు పెట్టారు. నలభై అన్న సంఖ్య ఆ పేరులోనే ఉన్నది. కంటిలోని కటకం మెత్తదనం కోల్పోయి, దగ్గరి వస్తువు కోసం ఆకారం మార్చుకోలేకపోవడమే దీనికి కారణం. ఇది వ్యాధి కాదు. తగిన అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని అహ్‌ఖాఫ్ సూరా కూడా నలభై ఏళ్ళ వయసును ప్రత్యేకంగా పేర్కొన్నదని మీకు తెలుసు. ఆ వయసుకు చేరిన సజ్జనుడు తనకూ తన తల్లిదండ్రులకూ దక్కిన అనుగ్రహాలకు కృతజ్ఞత తెలిపే భాగ్యాన్ని కోరుతాడని, తన సంతానం మేలును అర్థిస్తాడని అందులో ఉంది. తొలిసారి అద్దాలు పెట్టుకునే రోజున మనకు ఈ విషయం జ్ఞాపకం రావాలి. మన దగ్గరి చూపు తగ్గే నాటికి మన తల్లిదండ్రులు అరవై, డెబ్బై ఏళ్ళకు చేరి ఉంటారు. మన కళ్ళకు ఈపాటి ఇబ్బంది కలిగితే వారి కళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో విచారించవలసిన సమయం కూడా అదే.

కొందరు అద్దాలు పెట్టుకోవడాన్ని నామోషీగా భావిస్తారు, ముఖ్యంగా స్త్రీలు. అసోంలోని తేయాకు తోటలలో నలభై దాటిన కార్మికులపై జరిపిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చినవారు కోసిన ఆకు, ఇవ్వనివారితో పోలిస్తే ఐదవ వంతుకు పైగా అధికంగా పెరిగింది. చేతిపని మీద బతికేవారికి అద్దాలు అలంకారం కావు. అవి హలాల్ సంపాదనకు సాధనాలు.

వయసుతో వచ్చే మరికొన్ని మార్పులు ఉన్నాయి. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో కంటి లోపలి పొరకు చేరే వెలుతురులో సుమారు మూడవ వంతు మాత్రమే అరవై ఏళ్ళ వయసులో చేరుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. వెలుతురు నుండి చీకటిలోకి వచ్చినప్పుడు కన్ను సర్దుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఎదురు కాంతి బాధిస్తుంది. ఒకే రంగు వస్తువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు కనిపిస్తాయి. వీటికి మందు లేదు. కాని ఇంట్లో అదనంగా ఒక దీపం, మెట్ల అంచున తెల్ల రంగు, రాత్రి స్నానాల గదికి పోయే దారిలో చిన్న బల్బు, చదివే పుస్తకం మీద నేరుగా పడే వెలుతురు – ఇంత చాలు. తెల్ల పళ్ళెంలో తెల్లని అన్నం వడ్డించే బదులు ముదురు రంగు పళ్ళెంలో వడ్డిస్తే, పెద్దావిడ ఇతరుల సహాయం లేకుండా భోజనం చేస్తారు. సూరా యాసీన్ చెప్పినట్లు దీర్ఘాయువు పొందినవారి శరీర స్థితి వెనుకకు మరలుతుంది. అది అల్లాహ్ నియమం. దానిని ఎరిగి మెలగడం వివేకం.

ఇక వ్యాధుల విషయానికి వద్దాము. శుక్లం, నీటికాసులు, షుగరు వల్ల కంటి లోపలి పొర దెబ్బతినడం, ఆ పొర మధ్య భాగం క్షీణించడం – ముదిమిలో చూపును హరించేవి ప్రధానంగా ఇవి.

శుక్లమంటే కటకం పాల వలె తెల్లబారడం. మన ఇళ్ళలో దీనినే మోతియా అంటారు. శస్త్రచికిత్సతో ఆ కటకాన్ని తొలగించి కృత్రిమ కటకాన్ని అమర్చుతారు. సాధారణంగా అది అరగంట లోపలి పని. చాలామంది అదే రోజు ఇంటికి నడిచి వస్తారు. అయినా దీని చుట్టూ ఎన్నో అపోహలు. “శుక్లం ఇంకా పండలేదు” అని సంవత్సరాల తరబడి ఆగేవారు ఉన్నారు. పండేవరకు ఆగవలసిన అవసరం నేటి వైద్యంలో లేదు. రోజువారీ పనులకు చూపు అడ్డు తగిలితే చాలు, చికిత్సకు సమయం వచ్చినట్లే. మరీ ముదిరితే శస్త్రచికిత్స కష్టతరమవుతుంది, కంటిలో ఒత్తిడి కూడా పెరగవచ్చు. “చలికాలంలోనే చేయించుకోవాలి” అన్నది కూడా పాతకాలపు మాటే. మరొక విషయం. అద్దాలు లేనిదే చదవలేని పెద్దలు కొందరు హఠాత్తుగా అద్దాలు లేకుండా చదవగలుగుతారు. ఇంటివారు అది దైవానుగ్రహమని సంతోషిస్తారు. చాలాసార్లు అది శుక్లం మొదలైందనడానికి గుర్తు. కొన్ని నెలలకు ఆ సౌకర్యం పోయి మసక మిగులుతుంది.

నీటికాసుల సంగతి వేరు. కంటి లోపలి ఒత్తిడి వల్ల దృష్టి నాడి కొద్దికొద్దిగా నశిస్తుంది. అధిక సందర్భాలలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందుగా ప్రక్క చూపు పోతుంది. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తూనే ఉంటుంది గనుక రోగికే తెలియదు. ప్రక్కనుండి వచ్చే సైకిలు కనిపించదు, గుమ్మం తగులుతుంది, కాలి ప్రక్కన చెంబు తన్నుకుంటుంది. “చూసి నడవరాదా” అని మనం విసుక్కుంటాము. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని చుక్కల మందుతో జీవితాంతం కాపాడుకోవాలి. తల్లికి గాని తండ్రికి గాని ఉంటే సంతానానికి కూడా వచ్చే అవకాశం ఎక్కువ. సంతలో, బండి మీద దొరికే అద్దాలు కొనుక్కొని సరిపెట్టుకునేవారికి చత్వారం తీరవచ్చు గాని, లోపల దాగిన ఈ వ్యాధి బయటపడదు. నలభై దాటినవారు కంటి ఒత్తిడిని, దృష్టి నాడిని పరీక్ష చేయించుకోవాలనడం ఇందుకే.

షుగరు ఉన్నవారు చూపు బాగానే ఉన్నా సంవత్సరానికి ఒకసారి చుక్కలు వేయించుకొని కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలి. తిన్నని గీతలు వంకరగా కనిపించడం, చూస్తున్న చోట మధ్యలో మచ్చ ఏర్పడటం, కళ్ళ ముందు మెరుపులు రావడం, ఒక ప్రక్క నుండి తెర దించినట్లు కావడం, ఎర్రబడి తీవ్రంగా నొప్పి పుట్టి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడటం – వీటిలో ఏది జరిగినా మరుసటి వారం వరకు ఆగరాదు, ఆ రోజే కంటి డాక్టరు వద్దకు తీసుకొని పోవాలి.

మందు ఉన్న కంటికి మందు అందక ఎంతమంది చూపు కోల్పోతున్నారో మన ప్రాంతపు లెక్కలే సాక్ష్యం. హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, 1996 నుండి 2000 వరకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక విస్తృత అధ్యయనం జరిపింది. ఎంపిక చేసిన నాలుగు ప్రాంతాలలో గోదావరి అవతల మన పొరుగున ఉన్న పశ్చిమ గోదావరి జిల్లా ఒకటి. 10,293 మందిని పరీక్షించారు. అంధత్వానికి గల కారణాలలో 44 శాతం శుక్లమని, 16.3 శాతం సరైన అద్దాలు లేకపోవడమని తేలింది. అంటే ప్రతి పదిమంది అంధులలో ఆరుగురి చీకటి, తేలికపాటి శస్త్రచికిత్సతోనో ఒక జత అద్దాలతోనో తొలగిపోయేది. ఆ తరువాత వైద్యం ఎంతో విస్తరించింది. అయినా ఆ లెక్క వెనుక ఉన్న ప్రశ్న మిగిలే ఉంది: ఆ ఆరుగురి ఇళ్ళలో “వయసు పైబడింది కదా” అన్నవారు ఎవరు?

దైవభీతి గలవారు కొందరు మరొక కారణం చేత చికిత్సను వాయిదా వేస్తారు. శస్త్రచికిత్స తరువాత సజ్దా చేయలేమని, వజూ కుదరదని, రమజానులో చుక్కలు వేసుకుంటే ఉపవాసం భంగమవుతుందని వారి భయం. ఈ భయం గౌరవించదగినది; దీనికి సమాధానం కూడా ఉన్నది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) కంటిలో నీరు దిగినప్పుడు, చికిత్స కోసం కొన్ని రోజులు పడుకొని నమాజు చేయవలసి ఉంటుందని వైద్యులు చెప్పగా ఆయన దానికి ఇష్టపడలేదని ఉల్లేఖనాలలో ఉంది. అది ఆయన తన కోసం ఎంచుకున్న కఠిన మార్గం. ఇమామ్ అబూ హనీఫా, సుఫ్యాన్ సౌరీ వంటి ధర్మవేత్తలు అటువంటి స్థితిలో పడుకొని నమాజు చేయడాన్ని అనుమతించారు. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు ప్రక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించిన హదీసు బుఖారీలో ఉన్నది. నేటి చికిత్సకు అంత కాలం మంచం పట్టవలసిన పని కూడా లేదు. డాక్టరు చెప్పిన కొద్ది రోజులు కూర్చొని సైగలతో రుకూ, సజ్దాలు చేయవచ్చు. నీరు తగలరాని కంటి విషయంలో వజూ ఎలా చేయాలో మీ ఇమామును అడగండి, సులువు ఉంది. ఇక చుక్కల మందు కంటిలో వేసుకుంటే ఉపవాసం భంగం కాదన్నది హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. నీటికాసుల రోగి రమజాను నెలంతా మందు మానివేస్తే, పండుగనాటికి కొంత చూపు శాశ్వతంగా పోయి ఉండవచ్చు. అల్లాహ్ ఆ త్యాగాన్ని మన నుండి కోరలేదు.

ధార్మిక సోదరులారా! ఇక యూసుఫ్ సూరాను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోండి. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని వియోగంతో దుఃఖించి దుఃఖించి, ఆయన కళ్ళు తెల్లబారిపోయాయి. ఆ కుమారుడు దూరదేశమైన ఈజిప్టులో ఉన్నాడు. తండ్రి స్థితి తెలిసిన తరువాత యూసుఫ్ (అలైహిస్సలాం) తన చొక్కాను సోదరులకు ఇచ్చి పంపారు. శుభవార్త తెచ్చినవాడు దానిని ఆ వృద్ధుని ముఖంపై వేయగానే ఆయనకు చూపు మరలి వచ్చింది. అది ప్రవక్తల విషయం, అల్లాహ్ మహిమ. అయినా అందులో మనకు పాఠం ఉంది.

మన కోనసీమలో కువైట్‌కో, దుబాయ్‌కో, ఖతర్‌కో పోయిన బిడ్డలు లేని ఊరు ఎక్కడ ఉంది? నెలనెలా డబ్బు వస్తుంది. వారానికొకసారి ఫోనులో ముఖాలు కనిపిస్తాయి. “ఎలా ఉన్నారు అబ్బా?” అని కొడుకు అడుగుతాడు. “అల్‌హందులిల్లాహ్, బాగున్నాను నాయనా” అని తండ్రి అంటాడు. ఆ ఫోను తెరపై కొడుకు ముఖం మసకగా ఉన్నదని ఆయన చెప్పడు. చెబితే ఆ అబ్బాయి అప్పు చేసి టిక్కెట్టు కొని వస్తాడని భయం. దూరాన ఉన్న సోదరులకు ఈ మింబర్ నుండి మనవి చేస్తున్నాము: బాగున్నారా అని మాత్రమే అడగకండి. “ఖుర్‌ఆన్ ఏ అక్షరాలలో చదువుతున్నారు? రాత్రి మస్జిదుకు పోతున్నారా? చివరిసారి కళ్ళు ఎప్పుడు చూపించారు?” అని అడగండి. చొక్కా పంపిన కుమారుడు ఒకడైతే దానిని మోసుకొచ్చినవాడు మరొకడు. డబ్బు పంపగల కుమారుడు ఎక్కడో ఉన్నా, ఆ తండ్రిని ఆసుపత్రికి తీసుకుపోయే పొరుగువాడు ఇక్కడే ఉండాలి. ఆ శుభవార్త మోసే పని మనది.

తల్లులను మరువకండి. ఇంట్లో అందరి కళ్ళూ బాగైన తరువాతే తన కళ్ళ సంగతి అనుకునేది తల్లి. మన దేశంలో శుక్లం శస్త్రచికిత్స స్త్రీలకు పురుషులకంటే తక్కువగా అందుతున్నదని వైద్యులు గుర్తించారు. పొయ్యి ముందు చేయి కాల్చుకున్నా, బియ్యంలో రాయి కనబడకపోయినా ఆమె చెప్పదు. తల్లిదండ్రులు ముసలితనానికి చేరినప్పుడు వారి పట్ల విసుగు ధ్వనించే చిన్న మాటను కూడా అల్లాహ్ నిషేధించాడు. అటువంటప్పుడు వారి చూపు ఆరిపోతూ ఉంటే మౌనంగా ఉండటం ఎలా తగును?

ఈ మాటలు చెప్పుకుంటూ అల్లాహ్ క్షమాభిక్షను మా కొరకు, మీ కొరకు, సమస్త విశ్వాసుల కొరకు వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

సకల ప్రశంసలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై దరూద్, సలాములు.

సోదరులారా! చికిత్స జరిగినా చూపు తిరిగి రానివారు కూడా మన మధ్య ఉన్నారు. వారి కొరకు గొప్ప శుభవార్త ఉంది. తన దాసుని నుండి ప్రియమైన రెండు కళ్ళను తీసుకున్నప్పుడు అతడు సహనం వహిస్తే వాటికి బదులుగా స్వర్గాన్ని ప్రసాదిస్తానని అల్లాహ్ వాగ్దానం చేసినట్లు దైవప్రవక్త (స) తెలిపారు. ఇది బుఖారీలోని హదీసు. సహనానికి చోటు అది. వైద్యం ఉండి చేయించకపోవడం సహనం కాదు, అశ్రద్ధ. నిజమైన అంధత్వం కళ్ళది కాదని, గుండెల్లోని హృదయాలదని హజ్జ్ సూరా తెలుపుతున్నది. ప్రక్కనున్న వృద్ధుని తడుములాటను చూడలేని మన హృదయాలను గురించి కూడా ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

చూపు తగ్గినవారిని మదీనా సమాజం ఎలా చూసుకున్నదో గమనించండి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. దైవప్రవక్త (స) ఆయనను ముఅజ్జిన్‌గా నియమించారు. ఉపవాసాలు మొదలయ్యే ఫజ్ర్ వేళ అజాన్ ఇచ్చే బాధ్యత ఆయనదే. తెల్లవారిందని ప్రజలు చెప్పినప్పుడే ఆయన అజాన్ ఇచ్చేవారు. అంటే ఊరంతా ఆయనకు కన్ను అయింది, ఆయన ఊరికంతటికీ గొంతు అయ్యారు. దైవప్రవక్త (స) మదీనా వెలుపలికి పోయినప్పుడు ఆయనను తమ ప్రతినిధిగా నిలిపిన సందర్భాలు కూడా ఉన్నాయి.

రెండవ సంఘటన మన ప్రాంతానికి మరీ దగ్గరిది. బద్ర్‌లో పాల్గొన్న హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) తన తెగవారికి నమాజు చదివించేవారు. ఆయన చూపు దెబ్బతిన్నది. వర్షం పడితే తన ఇంటికీ మస్జిదుకూ మధ్యనున్న వాగు పొంగుతుందని, తాను దాటలేకపోతున్నానని, తమ ఇంటికి వచ్చి ఒక చోట నమాజు చేస్తే ఆ స్థలాన్నే నమాజు చోటుగా చేసుకుంటానని ఆయన దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. మరునాడు ప్రొద్దెక్కిన వేళ ప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి)తో కలిసి స్వయంగా వచ్చారు. కూర్చోకముందే, ఎక్కడ నమాజు చేయాలని కోరుకుంటున్నావని అడిగి, ఆ చోటనే రెండు రకాతులు చేయించారు. ఆ తరువాత ఆ ఇంటివారు వండిన మాంసపు వంటకం కోసం కాసేపు ఉన్నారు. గోదావరి వరద వచ్చి లంక గ్రామాల దారులు మునిగినప్పుడు, కాలువ గట్టు బురద అయినప్పుడు, మన ఊరి ఇత్బాన్ ఎవరో మనం గుర్తించాలి. ఆయన రాలేకపోతే మనం పోవాలి.

చూపు సరిగా లేనివారికి దారి చూపడం దానధర్మమని హదీసులో ఉంది. అంధుని దారి తప్పించినవాడిపై శాపం ఉన్నట్లు కూడా ఉంది. ఆకు పసర్లు పిండమని, ఎవరో ఇచ్చిన పొడి కంటిలో వేయమని సలహా ఇచ్చేవారు ఈ హెచ్చరికకు భయపడాలి; అటువంటి వాటితో నల్లగుడ్డు పుండుపడి కన్ను పోయే ప్రమాదం ఉంది. సుర్మా మనకు అలవాటైనదే. కాని బజారులో దొరికే కొన్నింటిలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది. జబ్బు కంటికి, శస్త్రచికిత్స అయిన కంటికి డాక్టరును అడగనిదే దానిని పెట్టకండి.

వైద్యాన్ని మన పూర్వులు పుణ్యకార్యంగా స్వీకరించారు. మోసుల్ నగరానికి చెందిన అమ్మార్ అనే నేత్ర వైద్యుడు వెయ్యి సంవత్సరాల క్రితమే బోలు సూదితో శుక్లాన్ని పీల్చి తీసే పద్ధతిని వివరించాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన వైద్యశాలలో నేత్రరోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. మనకు ఈనాడు వైద్యశాల కట్టవలసిన పని కూడా లేదు. మన దేశంలో 1976 నుండి జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం నడుస్తున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో శుక్లం శస్త్రచికిత్స ఉచితంగా చేస్తారు. అమలాపురంలో ఏరియా ఆసుపత్రి ఉంది, కాకినాడలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. కావలసినది చేయి పట్టుకొని తీసుకుపోయే మనిషి.

కనుక ప్రతి మస్జిదు కమిటీని కొన్ని పనులు కోరుతున్నాము. జమాతులో అరవై దాటిన స్త్రీ పురుషుల పేర్లు రాసి, చివరిసారి కంటి పరీక్ష ఎప్పుడు జరిగిందో ఒక్కొక్క ఇంటికి పోయి విచారించండి. పరీక్షకు పోయేవారికి తోడుగా ఒక యువకుణ్ణి, స్త్రీలకు తోడుగా ఒక సోదరిని ఏర్పాటు చేయండి. ఆటో ఖర్చు లేనివారికి సదఖా నుండి ఇవ్వండి. మస్జిదు మెట్ల అంచులకు పసుపు రంగు వేయించండి. వజూ చేసే చోట దీపం, పట్టుకోవడానికి కడ్డీ అమర్చండి. పెద్ద అక్షరాల ఖుర్‌ఆన్ ప్రతులు నాలుగు తెచ్చి, వెలుతురు బాగా పడే చోట ఉంచండి. యువకులారా! ఇషాకు, ఫజ్ర్‌కు వచ్చేటప్పుడు మీ వీధిలోని ఒక పెద్దాయనను వెంట తీసుకొని రండి. సలాం చెప్పేటప్పుడు మీ పేరు కూడా చెప్పండి, ఎవరో పోల్చుకోవడానికి ఆయన తడబడకుండా. చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడవకండి.

పెద్దలారా! మీతో కూడా ఒక మాట. మీ చూపు తగ్గిన సంగతిని దాచకండి. అది సిగ్గుపడవలసినది కాదు. యాఖూబ్ (అలైహిస్సలాం) అంతటివారికి కలిగినది. మీ బిడ్డలకు చెప్పండి. సేవ చేసే పుణ్యాన్ని వారికి దక్కనివ్వండి.

ఓ అల్లాహ్! నీవు మమ్మల్ని జీవింపజేసినంత కాలం మా వినికిడిని, మా చూపును మాకు తోడుగా ఉంచు. మా తల్లిదండ్రుల కళ్ళకు స్వస్థత చేకూర్చు. చూపు కోల్పోయినవారికి సహనాన్ని, దానికి బదులుగా నీ స్వర్గాన్ని ప్రసాదించు. పరాయి దేశాలలో ఉన్న మా బిడ్డలను క్షేమంగా ఉంచి, వారి ముఖాలను వారి తల్లిదండ్రుల కళ్ళకు చూపించు. కళ్ళకు వైద్యం చేసేవారి చేతులలో శుభాన్ని ఉంచు. మా హృదయాలను గుడ్డివి కానీయకు. మా చివరి చూపు నీ సంతుష్టితో ముగిసేలా చేయి. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!